తిమ్మిరి ఉంటే ఐదు నొక్కండి

క్యాన్సర్ రోగులకు ఒంట్లో ఎలా ఉందో తెలుసుకోవడానికి అన్నిటికన్నా మేలైన పద్ధతి ఏదో మా ఊరి ఆస్పత్రి ఎట్టకేలకు తేల్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇందుకోసం ఒక కమిటీ, దానికొక ఉపకమిటీ, రెండూ కలిసి కూర్చోవడానికి చాలని ఒక గది ఏర్పాటయ్యాయి. రోగులనే నేరుగా అడిగితే సరిపోదా అన్నవాళ్ళు లేకపోలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకనే మనుషులు ఎక్కడైనా ఉంటారు. అయితే గొడ్డలి కొనడం అప్పటికే అయిపోయింది.

పోటీలో మూడు పద్ధతులు నిలిచాయి. మొదటి నెల కాగితం, రెండో నెల ఫోను, మూడో నెల ట్యాబు. ఈ పరీక్షకు ఒప్పుకున్న రోగుల్లో మా వీధి దర్జీ ఒకరు. బట్టలు ఎప్పుడిస్తారని ఎవరడిగినా "రేపు" అంటారు గనుక మేమంతా ఆయన్ని రేపు మాస్టారు అంటాం. మందు ఎక్కించడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకు ఆయన వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఈ మందుతో అలా కావచ్చనీ, వెంటనే చెబితే మోతాదు తగ్గించి వేళ్ళు కాపాడవచ్చనీ డాక్టరు ముందే హెచ్చరించాడు. ఎలా చెప్పాలన్నది మాత్రం కమిటీ చూసుకుంటుందన్నాడు. వేళ్ళు పోయిన దర్జీకి మెడలో టేపు తప్ప ఏమీ మిగలదని వేరే చెప్పనక్కర్లేదు.

కాగితం నెలలో కలం పట్టు దొరక్క మాస్టారు ఫారాన్ని భార్యకు ఇచ్చారు. "వేళ్ళలో తిమ్మిరి ఉందా?" అని ఆవిడ పైకి చదివింది. ఉందంటే ఆ క్షణమే కుట్టుమిషను మూతపెట్టేస్తుందని ఆయనకు తెలుసు.

"లేదని రాసెయ్" అన్నారు.

ఇతర బాధలు అన్న గడి ఖాళీగా వదిలితే బాగుండదని ఆవిడ తన మోకాళ్ళ నొప్పి రాసింది. మరుసటి వారం ఆస్పత్రివారు మాస్టారుకి మోకాళ్ళ లేపనం ఇచ్చారు. అది ఆవిడకు బాగా పనిచేసింది.

ఫోను నెలకు భయం పట్టుకుని, నిజం చెప్పేద్దామని మాస్టారు నిశ్చయించుకున్నారు. రికార్డు చేసిన తియ్యని గొంతు వారం వారం పలకరించేది. తిమ్మిరి ఉంటే ఐదు, వాంతులైతే ఎనిమిది. ఆయన ఐదు నొక్కబోతే స్పర్శ లేని వేలు జారి కింద ఉన్న ఎనిమిది మీద పడేది. నెలంతా వాంతుల బిళ్ళలు వచ్చాయి.

ట్యాబులో ఐదు ముఖాలు ఉంటాయి. మాస్టారు ఏడుపు ముఖం నొక్కేవారు. నొక్కిందీ లేనిదీ వేలికి తెలియదు గనుక నమ్మకానికి మళ్ళీ నొక్కేవారు. రెండోసారి నొక్కితే మొదటిది రద్దవుతుంది. జవాబు రాకపోతే రోగికి శ్రమ ఇవ్వకుండా ట్యాబే నవ్వు ముఖం పంపేస్తుంది.

ఫలితాల సభలో కమిటీ అధ్యక్షుడు ఇలా సెలవిచ్చారు: "కాగితంలో రోగులకు మోకాళ్ళ నొప్పులు. ఫోనులో వాంతులు. ట్యాబులో మాత్రం ఏ బాధా లేదు. ఏ పద్ధతిలో రోగులు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారో ఆ పద్ధతే ఉత్తమమని వేరే చెప్పాలా?" చప్పట్లు మోగాయి.

ఆ సమయానికే కింది అంతస్తులో మందు ఎక్కించుకుని లేచిన మాస్టారు చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నారు. నర్సు చూసింది.

"ఏంటి మాస్టారూ, ఊరందరి గుండీలూ కుట్టి, మీవి మీరు పెట్టుకోలేరా?"

"పెట్టుకోలేనమ్మా. మూడు నెలలుగా వేళ్ళు నావి కానట్టున్నాయి. చెబుదామని చూశా. వాంతుల బిళ్ళలిచ్చారు."

నర్సు గుండీలు పెట్టి, డాక్టరును లాక్కొచ్చింది. ఆయన ఒక్కో వేలూ నొక్కి చూసి, అప్పటికప్పుడు మోతాదు తగ్గించాడు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది.

ఆమోదం లేని ప్రశ్న అడిగినందుకు నర్సుకు సంజాయిషీ నోటీసు వెళ్ళింది. గుండీల పద్ధతి పోటీలో లేదు గనుక ఆ సమాచారాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నివేదికలో మాస్టారు ఇప్పటికీ నవ్వు ముఖమే.

కుడిచేతి మూడు వేళ్ళకు స్పర్శ తిరిగి వచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ ఇంకా ఆలోచిస్తున్నాయి. సూది పట్టుకునేది ఆ రెండే.

కమిటీని చూసి వీధివాళ్ళమంతా కడుపుబ్బ నవ్వుకున్నాం. నిజానికి ఆస్పత్రికంటే ముందే మాకు నివేదికలు అందాయి. నా ప్యాంటు అంచున కుట్టు వంకరలు పోయింది. పక్కింటి అక్కయ్య తెచ్చుకున్న కొత్త దిండు గలీబు మీద రక్తపు చుక్కలున్నాయి. మేం కమిటీలా తాత్సారం చెయ్యలేదు. ఆయన్ని ఒక్క మాటైనా అడక్కుండా, వారం తిరిగేలోగా అందరం దర్జీని మార్చేశాం.