తాళం పడిన బొమ్మ

చింతవాగు పొంగి పామేడు దారిని మూడు రోజులు మింగేసిన ఏడాది జరిగిందిది.

సీతారాములు రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి. వాటిలో ఆరు మేకలతో. మిగిలిన నాలుగూ పెళ్లాం ఉప్పలమ్మ వాటా.

ఉప్పలమ్మ మూడేళ్లుగా విడవకుండా చూస్తున్న సీరియల్ అయిపోయింది. సరిగ్గా ఆఖరి భాగం నాడు ఊళ్లో కరెంటు లేదు. నెట్ ఎలాగూ ఎప్పుడూ లేదు.

"సుక్మాల మా చెల్లె సునీత ఇంటికి పోత. దాని ఫోన్ల వస్తదంట. పది రోజులుండి వస్త" అంది.

సీతారాములు గుండెలో రాయి పడింది. ఆయనకు పొయ్యి వెలిగించడం వచ్చు. ఆ తర్వాత ఏం చేయాలో పొయ్యికే తెలియాలి.

"పోకు. నేనే తెస్త."

"ఏంది, సీరియల్నా? సంతల వంకాయలా?"

మర్నాడే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, బస్సెక్కి చర్లలో లచ్చు కంప్యూటర్ షాపుకు పోయాడు. లచ్చు బ్రౌజర్‌లో ఆఖరి భాగం పెట్టి, తెర మీద ఆడేది ఆడినట్టు నకలు తీయమని కంప్యూటర్‌కు పురమాయించాడు. ఆడినంతసేపూ సీతారాములు నోరు తెరుచుకుని చూశాడు.

చూస్తే ఏముంది! కోడలు మీనా మొగుడి చెంప ఛెళ్లుమనిపించి, కంచం విసిరికొట్టి, పెట్టె పట్టుకుని ఆటో ఎక్కి పోయింది. ఇది ఆడవాళ్లకు చూపించే కథేనా అని ఆయనకు చెమటలు పట్టాయి.

తీరా నకలు తెరిస్తే మాటలున్నాయి, బొమ్మ లేదు. తెరంతా నలుపు.

"ఏందిరా ఇది?"

"బొమ్మ తాళమేసిన పెట్టెల వస్తది పెద్దయ్యా. వెబ్ పేజీల దాగిన స్క్రిప్టనే చిన్న ప్రోగ్రాము పోయి కంపెనోళ్లను తాళంచెవి అడుగుతది. వాళ్లు బ్రౌజర్ చేతికే ఇస్తరు. అది లోపల్లోపలే తీసి మనకు చూపిస్తది. నకలు తీయబోతే గిట్ల నల్లగైతది."

"నేను చూసిన గదా?"

"చూడనిస్తది. పట్టుకపోనియ్యది."

"మరి మాటలు?"

"వాటికి తాళం సరిగ పడలే."

బస్సులో కూర్చున్నాక సీతారాములు మొహం వెలిగింది. బొమ్మ చూసింది తానొక్కడే. తాను ఏది చెబితే అదే బొమ్మ!

సాయంత్రం టీవీకి పెన్‌డ్రైవ్ తగిలించాడు. పక్కింటి భద్రమ్మ కూడా వచ్చి చాప మీద కూర్చుంది.

"బొమ్మేది?" అంది ఉప్పలమ్మ.

"తాళమేసిన్రు. నేను చెప్త."

"నువ్వా? చెప్తవా?" ఉప్పలమ్మకు సీరియల్ కన్నా ఇదే వింతగా తోచింది.

టీవీలో ఛెళ్లుమంది.

"ఏందది?"

"మీనా మొగుని మీద దోమ వాలింది."

ధన్‌మంది.

"గిన్నెలు తోముతాంది."

"గంత కోపంగనా?" అంది భద్రమ్మ.

"మాడిన గిన్నె."

'నేను పోతున్నా!' అని టీవీ అరిచింది.

"ఎక్కడికి?"

"నీళ్లకు."

డుర్ర్‌మంది.

"మిక్సీ. పచ్చడి చేస్తాంది."

'వెనక్కి రావే కోడలా!' అని అత్త ఏడుపు అందుకుంది.

"ఉప్పెక్కువైందంట" అన్నాడు సీతారాములు, తుండుతో మొహం తుడుచుకుంటూ.

భద్రమ్మ చెవి రిక్కించింది. "అన్నా, మిక్సీ దూరం పోతాంది గదనే!"

సీతారాములు టీవీ కట్టేశాడు. నాలుగు రోజుల వాటా మాటలు ఆ ఒక్క సాయంత్రమే ఖర్చయిపోయాయి.

ఉప్పలమ్మ చాప మీద పడి పొర్లి పొర్లి నవ్వింది. కళ్లు తుడుచుకుని లేచింది.

"ఇన్నేండ్ల కాపురంల నువ్విన్ని మాటలు మాట్లాడింది నేడే. ఒక్కటన్న నిజముంటే పోకుండుదును. మిక్సీ ఎక్కి పోయిన కోడల్ని ఇప్పుడు కళ్లార చూడాల్సిందే."

"నేను సుత వస్త వదినా" అంది భద్రమ్మ.

సీతారాములుకు రెండో రాయి పడింది. ఉప్పలమ్మ పోయినా పూటకింత గంజి భద్రమ్మ పోయకపోతుందా అన్నది ఆయన కడుపులో దాచుకున్న ఆఖరి ధైర్యం.

మర్నాడు పొద్దున్నే రెండు సంచులూ తనే మోసుకుపోయి ఇద్దరినీ బస్సెక్కించాడు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"దోమ కాడ కండ్లార్పకు. మస్తుగ కొడ్తది."

ఇంటికి పోయి పొయ్యి వెలిగించాడు. వెలిగించి, దాని ముందు కూర్చున్నాడు.