మేనేజరుగారి ట్వైలైట్

టీ వేళకి కేకు కోయించి, వెంటనే ఎవరి పనిలో వాళ్లు పడాలని కుళాయిల షోరూం సిబ్బంది పొద్దున్నే అనుకున్నారు. మేనేజరుగారి పుట్టినరోజు. కేకు మీద రాయించే బాధ్యత సేల్స్‌మన్ గ్రామర్ తీసుకున్నాడు. అది అతని పేరు కాదు. ఇంగ్లీషు తప్పైనా సరే గట్టిగా మాట్లాడతాడని అందరూ అలా పిలుస్తారు.

పెట్టె తెరిస్తే, కేకు మీద ఇంగ్లీషులో "మీ ట్వైలైట్‌కి స్వాగతం" అని ఉంది.

"ట్వైలైట్ అంటే ఏంట్రా?" అంది క్యాషియరక్క.

"ట్వై అంటే రెండు, లైట్ అంటే వెలుగు. సారుకి ఇకమీదట రెట్టింపు వెలుగన్నమాట!"

తర్వాత వచ్చిన మేనేజరుగారికి ఈ భాష్యం అందలేదు. కేకు ముక్క నోట్లో పెట్టుకుని, క్యాబిన్‌లోకి వెళ్లి ఫోన్లో అర్థం చూశారు. 'పొద్దుగూకాక మిగిలే మసక వెలుతురు.' అక్కడితో ఆగినా బాగుండేది. కింద వాడుక కూడా ఇచ్చారు: 'మనిషి ఉద్యోగం చివరికొచ్చిన దశ.' కేకు గొంతుకి అడ్డం పడింది.

వెంటనే భార్యకి ఫోన్ చేశారు. "ఏమోయ్, ఓనరు నన్ను పీకేస్తున్నాడు. నాకు తప్ప అందరికీ చెప్పాడు!"

ఆవిడ ఊరుకునే మనిషి కాదు. ఓనరుకి ఫోన్ కొట్టింది. "మీ కుళాయిలు కారుతున్నాయని జనం తిడితే ఇన్నాళ్లూ పడింది మా ఆయనే కదండీ! వద్దంటే చెప్పండి, ఎదురు షోరూం వాళ్లు కళ్లకద్దుకుంటారు."

ఇక్కడ క్యాషియరక్క సంతకాల కోసం వెళ్లేసరికి మేనేజరుగారు సొరుగు ఖాళీ చేస్తున్నారు.

"ఏంటి సార్, సర్దేస్తున్నారు?"

"చీకటి పడబోతోందమ్మా. ఇంకెందుకివన్నీ?"

ఆవిడ పరుగున బయటికొచ్చి, "ఒరే గ్రామర్, షోరూం ఎత్తేస్తున్నార్రా!" అంది. వాష్‌బేసిన్ బేరమాడుతున్న దంపతుల చెవిన ఆ మాట పడింది.

"అయితే సగానికిస్తారా?"

"ఉద్యోగమే పోయాక ఎంతకిస్తే ఏంటి? పట్టుకెళ్లండి!" అన్నాడు గ్రామర్.

వీధి వీధంతా వచ్చిపడింది. ఎన్నేళ్లుగానో ఎవరూ కన్నెత్తి చూడని పాచిరంగు కమోడ్ల కోసం ఇద్దరు పెద్దమనుషులు కలబడ్డారు.

క్యాబిన్‌లో మేనేజరుగారికి ఇదేమీ పట్టలేదు. దుఃఖం తీరాక నెమ్మదిగా ఆలోచించారు. రేపటినుంచి మధ్యాహ్నం నిద్ర. ఎవరి బాత్రూంలో ఏది కారినా తనకి సంబంధం లేదు. ఆయన ఈల వేయడం మొదలుపెట్టారు.

అప్పుడే ఓనరు రొప్పుతూ వచ్చాడు. ఖాళీ అరలు చూశాడు, గల్లాపెట్టె చూశాడు, తిన్నగా క్యాబిన్‌లో దూరాడు.

"మీరు ఎదురు షోరూంకి వెళ్లడానికి వీల్లేదు!"

"నేను ఇంటికండీ... కాస్త పడుకుందామని..."

"ఆ మొండి సరుకంతా ఒక్క పూటలో వదిలించిన మనిషిని ఇంటికెలా పంపుతానయ్యా? జీతం పెంచుతున్నా. ఇంకో పదేళ్లు మీరు ఇక్కడినుంచి కదలకూడదు!"

మేనేజరుగారి కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి.

ఆనందబాష్పాలనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.