జిన్‌చొల్ తినని పచ్చి చేప

ఆ గురువారం పొద్దున జిన్‌చొల్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తనొక గోళీ మింగాలి, అత్తగారి చేత ఒకటి మింగించాలి, సాయంత్రం దాకా ఇద్దరూ నడుముకి చెరో పెట్టె కట్టుకుని తిరగాలి. మర్నాడు ఆ పెట్టెల్లో పడిన బొమ్మలు డాక్టర్ గుక్‌కి చూపించి, సంతకం పెట్టించుకుని రావాలి.

గోళీ అంటే మందు గోళీ కాదు, చిక్కుడు గింజంత కెమెరా. కడుపులోకి దిగి ఫొటోలు తీస్తుంది. ఇలాంటివి లోకంలో ఇంకా ఉన్నాయి గానీ, అవి తీసిన బొమ్మల్ని రేడియోలా గాలిలోకి వదులుతాయి. జిన్‌చొల్ గోళీకి ఆ హంగు లేదు. మనిషి ఒంట్లోని ఉప్పునీరే దానికి తీగ. గోళీ లోపలినుంచి ఒంటికి చిన్న కరెంటు తాకిస్తుంది, పొట్టమీద అతికించిన బిళ్లలు దాన్ని అందుకుని పెట్టెలో వేస్తాయి. దేజొన్‌లోని ఒక చిన్న కంపెనీలో అతను తొమ్మిదేళ్లుగా ఈ ఒక్క పనిమీదే ఉన్నాడు. మనిషి ఒంటిని మించిన తీగ లేదని దొరికినవాళ్లకల్లా చెప్పేవాడు. దొరకనివాళ్లని వెతుక్కుంటూ వెళ్లి మరీ చెప్పేవాడు.

ఊళ్లో పెద్ద ఆసుపత్రి నడిపే డాక్టర్ గుక్ మాత్రం నమ్మలేదు. అంత పిరికి కరెంటు పెద్దవాళ్ల పొట్టకొవ్వు దాటి పైకి రాగలదా అని ఆయన అనుమానం. నడివయసు మనిషి మీద ఒకసారి, ముసలి మనిషి మీద ఒకసారి చేసి చూపించమన్నాడు. ఆయన కాదంటే ఈ పని ఇంతటితో ఆపేస్తామని కంపెనీ యజమాని జిన్‌చొల్‌కి మొహంమీదే చెప్పేశాడు.

ముసలి మనిషికోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, ఇంట్లోనే అత్తగారుంది. మల్‌సున్ బడి వంటశాలలో వందలమందికి వండిపెట్టి రిటైరైన మనిషి. ఆవిడ చేత ఔననిపించడానికి వారం పడుతుందనుకున్నాడు గానీ, ఎందుకో అడిగీ అడగ్గానే ఒప్పుకుంది.

బిళ్లలు అతికించుకున్నాక మల్‌సున్ ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లొచ్చి గోళీకి సిద్ధమైంది. గోళీ డబ్బాలో ఉన్నంతసేపూ నిద్రపోతుంది, బయటికి తీస్తే మేలుకుని మిణుకుతుంది. అత్తగారి గోళీ మిణుకుతోందో లేదో జిన్‌చొల్ ఒకటికి మూడుసార్లు చూశాడు. తనది మాత్రం వేరుశనగ గింజలా గాలిలోకి ఎగరేసి నోటితో పట్టుకున్నాడు. తయారుచేసినవాడికి ఆ మాత్రం ధీమా ఉంటుంది.

కాసేపటికే మల్‌సున్‌కి విసుగొచ్చింది. "ఈ ఆఫీసులో కూర్చుంటే నీ గోళీకన్నా ముందు నేను అరిగిపోతాను అల్లుడూ. పద, యుసొంగ్ పోయి కాళ్లు నానబెట్టుకుందాం" అంది. బిళ్లలు పొట్టమీద ఉన్నాయి, నానేవి కాళ్లు. జిన్‌చొల్‌కి అభ్యంతరం కనబడలేదు.

యుసొంగ్ వేడినీళ్ల తొట్టి చుట్టూ ఎప్పట్లాగే ఊళ్లోని పెద్దవాళ్లంతా ప్యాంట్లు మడుచుకుని కూర్చున్నారు. మల్‌సున్ కూడా వాళ్లమధ్య చేరి నీళ్లలో కాళ్లు పెట్టింది. జిన్‌చొల్ ఆమె పక్కనే చేరి, చుట్టుపక్కలవాళ్లకి గోళీ మహిమ వివరించడం మొదలుపెట్టాడు. కరెంటు అన్న మాట వినబడగానే తొట్టిలోని కాళ్లన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. ఆ కరెంటు చీమకి చక్కిలిగింతైనా పెట్టదని అతను ఎంత నమ్మకంగా చెప్పాడంటే, ఒక్కొక్క కాలే మళ్లీ నీళ్లలోకి దిగింది. లోపలేదో తిరుగుతున్నట్టుందని మల్‌సున్ మాత్రం లేచేదాకా అల్లుడి చెయ్యి వదల్లేదు.

మర్నాడు ఆసుపత్రి హాల్లో డాక్టర్లు వరసగా కూర్చున్నారు. జిన్‌చొల్ భార్య యొన్‌జు తల్లిని వెంటబెట్టుకుని వచ్చి వెనక కూర్చుంది. బొమ్మలు చూపించే పని జిన్‌చొల్ కింద పనిచేసే నామ్‌గుంగ్‌ది. ముందు మల్‌సున్ పెట్టె తెరిచాడు. తెరంతా నలుపే. ఎంత ముందుకు జరిపినా నలుపే. డాక్టర్ గుక్ కుర్చీలో వెనక్కి వాలి, తను అనుకున్నదే అయిందన్నట్టు పక్కాయన వంక చూశాడు. మల్‌సున్ పైకప్పు వంక చూసింది.

జిన్‌చొల్ బెదరలేదు, తన పెట్టె తెరవమన్నాడు. ఈసారి కాసేపు నలుపు గడిచాక బొమ్మ తళతళలాడుతూ వచ్చింది. గులాబీరంగు గోడలు, వాటి ముడతలు, ఒక ముడతలో తెల్లటి దారం. ఆ దారం మెలికలు తిరుగుతోంది.

"ఇది పచ్చి చేపలో ఉండే పురుగు" అన్నాడు డాక్టర్ గుక్. "ఈ రెండు మూడు రోజుల్లో పచ్చి చేప తిన్నారా?"

జిన్‌చొల్ జన్మలో పచ్చి చేప ముట్టలేదు, ఆ వాసనే పడదు. కానీ తినలేదంటే ఏమవుతుంది? ఒక పెట్టె ఏమీ చూపించదు, ఇంకో పెట్టె లేనిది చూపిస్తుంది. తొమ్మిదేళ్ల పని గంగలో కలుస్తుంది. అతను గొంతు సవరించుకుని, తిన్నానన్నాడు.

వెనక కుర్చీ కిర్రుమంది. యొన్‌జు లేచి నిలబడింది. "నా పుట్టినరోజున బతిమాలినా ముట్టని మనిషివి. ఎవరితో తిన్నావ్?"

ఒక్కణ్ణే తిన్నానన్నాడు. హాల్లో ఒకరిద్దరు దగ్గారు. పచ్చి చేప పళ్లెం నలుగురు చుట్టూ కూర్చుని, సోజు సారా పోసుకుంటూ తినేది; ఒక్కడే కూర్చుని తినేవాణ్ణి వాళ్లెవరూ చూడలేదు. అతను వెంటనే దిద్దుకుని, మంగళవారం రాత్రి నామ్‌గుంగ్‌తో కలిసి తిన్నానన్నాడు.

నామ్‌గుంగ్ అబద్ధం చేతకాని మనిషి. "మంగళవారం మా నాన్నగారి తద్దినం కదండీ. మీరే బేరిపళ్లు కూడా పంపించారు" అన్నాడు వినయంగా.

"ఆవిడ పేరేంటి?" అంది యొన్‌జు.

జవాబు ఆలోచించుకునే తీరిక డాక్టర్ గుక్ ఇవ్వలేదు. పురుగుని ఇప్పుడే తీసేయాలన్నాడు. అంటే నోట్లోంచి కెమెరా గొట్టం వేయాలి. ఏ గొట్టం బాధ మనుషులకి ఉండకూడదని జిన్‌చొల్ తొమ్మిదేళ్లు కష్టపడ్డాడో, ఆ గొట్టమే అతని గొంతులో దిగింది. మొగుడు అవస్థపడుతుంటే యొన్‌జు పక్కనే నిలబడి, కళ్లార్పకుండా తెర చూసింది.

కడుపులో పురుగు లేదు, పురుగు జాడా లేదు. కడిగిన గిన్నెలా ఉన్న ఆ కడుపులో ఒక మూల గోళీ మాత్రం పడి ఉంది. డాక్టర్ గుక్ దాన్ని పట్టుకారుతో బయటికి లాగి, వెలుతురులో తిప్పి చూశాడు. అది వెలగడం లేదు. తను చూసుకోకుండా ఎగరేసి మింగిన ఆ గోళీ నిన్న పొద్దున్నుంచీ వెలగనే లేదని జిన్‌చొల్‌కి ఆ క్షణాన తెలిసింది. గొంతు మంట ఒకవైపు, సిగ్గు ఒకవైపు. ఏడుపొచ్చినంత పనైంది.

"వెలగని గోళీ బొమ్మలెట్లా తీసింది? మీ పెట్టె చూపించింది ఎవరి కడుపు?" అన్నాడు డాక్టర్ గుక్, ఫైలు మూసేస్తూ.

"గొట్టం ఇటు తిప్పండి డాక్టరుగారూ" అంది మల్‌సున్. "ఆ పురుగు నాది."

మిగతాది కూడా ఆవిడే చెప్పేసింది. కిందటి వేసవిలో పచ్చి చేప తిని ఆసుపత్రి పాలైనప్పుడు, ఇంకెప్పుడూ తిననని ఆవిడ కూతురికి ఒట్టేసింది. ఈ సోమవారం ప్రార్థన కొండకి వెళ్తున్నానని చెప్పి, స్నేహితురాళ్లతో సొక్చో సముద్రం ఒడ్డుకి వెళ్లింది. ఆనాటినుంచీ కడుపులో పోట్లు. కూతురికి చెప్పలేదు, అల్లుడి గోళీ అయినా సంగతేంటో చూస్తుందని మింగింది. అంతకుముందే బిళ్లలు దురద పెడుతుంటే బాత్రూమ్‌లో పీకేసి, ఒంటికి తగలకుండా ఉన్ని బనీను పైన అతికించుకుంది.

"ముట్టని చేపకి మావాడు గొట్టం మింగాడు. చూస్తూ ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు" అంటూ ఆవిడే వెళ్లి మంచమ్మీద పడుకుంది. పురుగు ఉన్నచోటే దొరికింది.

డాక్టర్ గుక్ చేతులు కడుక్కొచ్చి, నిన్న పొద్దున మీరిద్దరూ ఎక్కడున్నారని అడిగాడు. ఆ ప్రశ్నతో జిన్‌చొల్‌కి అంతా అర్థమైంది. తొట్టి సంగతి చెప్పాడు. డాక్టర్ వేలు గాలిలో నడిచింది: ముసలావిడ కడుపులోంచి కాలికి, కాల్లోంచి నీళ్లలోకి, నీళ్లలోంచి అల్లుడి కాలికి, అక్కణ్ణుంచి పొట్టమీది బిళ్లకి, పట్టుకున్న చేతిమీదుగా తిరిగి ముసలావిడ దగ్గరికి.

"అంత దూరం వచ్చి కూడా పురుగు మెలికలు కనబడ్డాయా?"

"కనబడ్డాయండి" అన్నాడు జిన్‌చొల్. బొంగురు గొంతులోనే పాత ధీమా అంతా తిరిగొచ్చింది.

మూసిన ఫైలు తెరుచుకుంది. గోళీ కడుపులో ఉండగా ఎవరూ నలుగురితో కలిసి నీళ్లలో దిగకూడదన్న షరతు రాసి, డాక్టర్ గుక్ సంతకం పెట్టాడు.

టాక్సీలో ముందు సీట్లో కూర్చున్న మల్‌సున్ డ్రైవరుకి తన పురుగు పొడవు చేత్తో చూపిస్తోంది. వెనక జిన్‌చొల్ యజమానికి ఫోన్ చేసి, విజయం పూర్తి వివరాలతో చెప్పి పెట్టేశాడు. యొన్‌జు కిటికీలోంచి చూపు తిప్పకుండానే మాట్లాడింది.

"తినని చేపని తిన్నానని అంతమంది ముందు ఎంత తేలిగ్గా చెప్పావు. పెళ్లయినప్పట్నుంచీ ఇంకేమేం ఇలా చెప్పావో అని ఆలోచిస్తున్నా."

మనిషి ఒంటిని మించిన తీగ లేదని జిన్‌చొల్‌కి తెలుసు. ఇల్లు చేరేదాకా తన చెయ్యి ఆమెకు తగలకుండా జాగ్రత్తగా కూర్చున్నాడు.