మంత్రిగారు బాలనటుడైన వైనం

"నా హయాంలో ఏ ఒక్క సీరియలూ పోయిందన్న మాట వినబడటానికి వీల్లేదు!"

ప్రసార శాఖ మంత్రిగారు ఇలా ప్రకటించేసరికి హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. పోయిన సీరియళ్ళు గనక ఆ మాట విని ఉంటే వాటంతటవే నడిచి వచ్చేసేవి. ఆయన గొంతులో అంత అధికారం ఉంది.

టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో టేపులు బంగారం. అందుకని సీరియల్ ప్రసారం కాగానే దాన్ని చెరిపేసి, ఆ టేపు మీదే ఇంకొకటి ఎక్కించేవారు. ఎక్కువగా శంకుస్థాపనలు. అలా ఒక తరం కార్చిన కన్నీళ్ళన్నీ సిమెంటు కింద పడిపోయాయి. వాటిని తవ్వి తీసి జాతికి అంకితం చెయ్యడానికే మంత్రిగారు 'జ్ఞాపకాల మిషన్' పెట్టారు. దానికొక లోగో, లోగోకి ఒక ఆవిష్కరణ, ఆవిష్కరణకి ఒక కమిటీ కూడా పెట్టారు.

అంతటితో ఆగితే ఆయన మామూలు మంత్రి అయ్యేవారు. మైకు వదలబోయి మళ్ళీ పట్టుకుని, "మేడమీది అద్దెగది..." అన్నారు.

హాలంతా నిట్టూర్చింది. కాస్త వయసు మళ్ళినవాళ్ళెవరూ ఆ సీరియల్ పేరు విని నిట్టూర్చకుండా ఉండలేరు.

"దాని చివరి భాగంలో ఏడుస్తూ మెట్లెక్కే పిల్లవాడు గుర్తున్నాడా? ఆ పిల్లవాణ్ణి నేనే."

నా పక్కన కూర్చున్న మా పత్రిక సీనియర్ విలేకరి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకెప్పట్నుంచో అనుమానమేనోయ్. ఆ ముక్కు చూసి" అన్నాడు.

ఈ ప్రకటన అందరికంటే నాకు ఎక్కువ ఆనందం కలిగించింది. ఎందుకంటే మా బాబాయి ఆ సీరియల్లో నటించాడు. బీమా ఆఫీసులో కొత్తగా చేరిన రోజుల్లో ఎవరో స్నేహితుడు తీసుకెళ్తే, చివరి భాగంలో డాక్టరు వేషం వేశాడు. మేడ మెట్లెక్కి రావడం, మంచం మీద ఉన్న భర్త చెయ్యి పట్టుకుని చూడటం, భార్యవైపు తిరిగి "ఇంక మీరు ధైర్యంగా ఉండాలమ్మా" అనడం, బ్యాగు మూసుకుని వెళ్ళిపోవడం. అంతే వేషం. కానీ వీధి వీధంతా నేటికీ ఆయన్ని డాక్టరు బాబాయి అనే పిలుస్తుంది. జ్వరానికీ జలుబుకీ తేడా తెలియని మనిషికి ఇంత వైద్యగౌరవం దక్కడం కళ గొప్పతనం.

పిలవనిది ఒక్క పిన్నే. ఆ భాగం వచ్చినరోజు వాళ్ళింట్లో కరెంటు పోయింది. తర్వాత టేపు చెరిపేశారు. "ఏ గుమ్మం పక్కనో నిలబడి ఉంటారు. దానికి డాక్టరట, బ్యాగట!" అని ఆవిడ మాటొచ్చినప్పుడల్లా దెప్పుతుంది. మాట ఎలాగోలా వస్తూనే ఉంటుంది.

అందుకని నేను సభనుంచి తిన్నగా వాళ్ళింటికే వెళ్ళాను. బాబాయి గడ్డం సబ్బుతోనే బయటికొచ్చేశాడు.

"టేపు దొరుకుతుందంటావా?"

"దొరక్క చస్తుందా బాబాయ్? సాక్షాత్తూ మంత్రిగారే అందులో పిల్లవాడు."

ఆయన చేతిలో రేజరు ఆగిపోయింది. "ఏ పిల్లవాడ్రా?"

"మెట్లెక్కేవాడు."

"అందులో పిల్లలే లేరురా! పిల్లలు లేరనే కదా ఆ మొగుడూ పెళ్ళాలు అన్ని వారాలు ఏడ్చి చచ్చింది!"

వారం తిరక్కుండానే శాఖ డైరెక్టర్ జనరల్ గారు కార్లు వేసుకుని బాబాయి ఇంటికొచ్చారు. ఇల్లు చిన్నది కావడంతో కమిటీలో సగం మంది వంటింట్లో కూర్చున్నారు.

"సర్, ఆ సీరియల్ నటుల్లో మంత్రిగారు కాక జీవించి ఉన్నవారు మీరొక్కరే" అన్నారు డైరెక్టర్ జనరల్.

"కథానాయిక వేసినావిడ?"

"మా ఫైల్లో ఆవిడ పోయారు. అది వదిలెయ్యండి. మంత్రిగారితో మీ అనుభవాలు చెప్పండి."

"అదేనండీ చిక్కు. అది పిల్లలు లేని దంపతుల కథ."

"పిల్లలు లేని దంపతుల కథలో పిల్లవాడు రావడం! ఎంత గొప్ప మలుపు సర్!" డైరెక్టర్ జనరల్ గారు కమిటీ వైపు చూశారు. కమిటీకి ఒళ్ళు జలదరించింది.

"కానీ వాడు ఎక్కడా..."

"తొందరేం లేదు, నిదానంగా గుర్తు తెచ్చుకోండి. అన్నట్టు, మీకు 'జాతీయ జ్ఞాపకం' బిరుదు ఇద్దామని మంత్రిగారి అభిప్రాయం. టీవీలో చూపిస్తారు. మీరు చెయ్యి పట్టుకుని చూసిన సన్నివేశం వివరించి చెప్పాల్సి ఉంటుంది."

బాబాయి వంటింటి వైపు చూశాడు. కమిటీ సభ్యుల మధ్య ఇరుక్కుని టీ కాస్తున్న పిన్ని, "నిన్న తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తులేదు గానీ, ఎప్పటి సంగతో గుర్తొస్తుందా ఆయనకి!" అంది.

ఆ మాటే పనిచేసిందనుకుంటాను. "పిల్లవాడంటే... సన్నగా ఉండేవాడు కదూ?" అన్నాడు బాబాయి.

డైరెక్టర్ జనరల్ గారు లేచి నిలబడి కరచాలనం చేశారు.

తర్వాత బాబాయి జ్ఞాపకశక్తి దినదినాభివృద్ధి చెందింది. కమిటీ రెండోసారి వచ్చేసరికి పిల్లవాడు చారల చొక్కా వేసుకున్నాడు. మళ్ళీ వచ్చేసరికి వాడి బూటు లేసులు స్వయంగా బాబాయే కట్టాడు. టీవీలో మాట్లాడేటప్పుడైతే, "ఆ వయసులోనే ఆ కళ్ళలో ప్రజాసమస్యలు కనిపించేవి" అనేశాడు. ఇంటికొచ్చాక ఆ మాట తన నోట ఎలా వచ్చిందో తనకే అర్థం కాక మంచినీళ్ళు అడిగాడు.

ఇక దేశం ఊరుకుంటుందా? మా పత్రికాఫీసు ఫోన్లు ఆగలేదు. ఆ పిల్లవాడికి క్రాఫు చేసింది తానేనని ఒక క్షురకుడు చెప్పాడు. షూటింగుకి సెలవు మంజూరు చేసింది తానేనని ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు చెప్పాడు. వాడి ఏడుపు చూసి ఆ రోజు అన్నం మానేశానని ఒకావిడ చెబితే, తాను మర్నాడు కూడా మానేశానని పొరుగావిడ ఫోన్ లాక్కుని చెప్పింది.

ప్రతిపక్ష నాయకుడు వెనకబడతాడా? ఆ సీరియల్ టైటిల్ పాట పాడింది తానేనని ప్రకటించాడు. దానికి పాట లేదనీ, వట్టి వేణువేననీ అధికారపక్షం ఖండించింది. "ఆ వేణువు ఊదింది నేనే. పాడానని చెప్పింది నమ్రత కొద్దీ" అని ఆయన సాయంత్రానికి వివరణ ఇచ్చాడు.

అంతా ఇలా మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతుండగా పిడుగు పడింది. కథానాయిక వేసినావిడ మా పత్రికకి ఫోన్ చేసింది.

"నేను పోయానట కదా. మీ పేపర్లో చదివి తెలుసుకున్నాను" అంది.

ఫొటోగ్రాఫర్ని తీసుకుని పరిగెత్తాను. పెద్దావిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక వీడియో క్యాసెట్. ఆ చివరి భాగం వస్తున్నప్పుడు వాళ్ళాయన ఇంట్లో రికార్డు చేసుకున్నాడట. ఆయన పోయాక దాన్ని బట్టల మధ్య దాచుకుందట.

"మరి అందులో మంత్రిగారు..."

"ఏ మంత్రి? ఏ పిల్లవాడు? ఇంట్లో ఒక పిల్లవాడు తిరుగుతుంటే నేనెందుకు నాయనా అంత ఏడుస్తాను? పిలిస్తే వస్తాను. క్యాసెట్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వను. నేనే పెట్టి, నేనే మీట నొక్కుతాను."

పోయిన సీరియల్ దొరికిందన్న వార్త మేం మొదటి పేజీలో వేశాం. శాఖ కార్యాలయం చావు కబురు విన్నట్టు అయిపోయింది.

"వెతకమన్నాం గానీ దొరకమన్నామా?" అని డైరెక్టర్ జనరల్ గారు కింది అధికారుల మీద విరుచుకుపడ్డారు.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. నన్ను గుమ్మం బయట నిలబెట్టారు గానీ తలుపు వెయ్యడం మరిచిపోయారు. క్యాసెట్‌కి బూజు పట్టిందని ప్రకటిద్దామని ఒకరన్నారు. ఫైలు ప్రకారం పోయిన మనిషి దగ్గర దొరికిన వస్తువు చెల్లుతుందా అని న్యాయ సలహా అడుగుదామని ఇంకొకరన్నారు. మీట నొక్కే సమయానికి కరెంటు తీసేద్దామన్న అనుభవజ్ఞుడు కూడా ఒకాయన ఉన్నాడు.

మంత్రిగారు అందరి మాటలూ విన్నారు. నవ్వారు. "వెయ్యండి" అన్నారు.

"సర్, అందులో..."

"జనం నన్ను చూడాలనుకుంటున్నారు. చూడనివ్వండి."

నాయకుడంటే అలా ఉండాలి.

బాబాయి సంగతి మాత్రం వేరు. క్యాసెట్ వేసే సభకి వెళ్ళాల్సిన రోజు నేను వెళ్ళేసరికి ఒకే కోటుని మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేస్తున్నాడు.

"దొరికిపోతానురా. లేని పిల్లాడికి లేసులు కట్టానని దేశమంతా విన్నది."

"ఒంట్లో బాగాలేదని మానెయ్ బాబాయ్. డాక్టరువి, నీ మాట నమ్ముతారు."

ఆయన నవ్వలేదు. లోపల పిన్ని అద్దం ముందు తయారవుతోంది. ఆవిడకి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"ఇన్నాళ్ళకి మీ పిన్ని నన్ను అందులో చూస్తుందిరా. ఒక్కసారి చూస్తే చాలు. ఆ తర్వాత అబద్ధాలకోరు అని వీధిలో నిలబెట్టినా సరే. వస్తాను."

హాలు కిటకిటలాడిపోయింది. బాబాయి, పిన్ని, నేను మొదటి వరసలో కూర్చున్నాం. పిన్ని కళ్ళజోడు తుడిచి తుడిచి పెట్టుకుంది. వేదిక మీద మంత్రిగారు, డైరెక్టర్ జనరల్, ప్రతిపక్ష నాయకుడు, ఆయన చేతిలో ముందుజాగ్రత్తగా ఒక వేణువు. పెద్దావిడ ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి, క్యాసెట్ పెట్టి, మీట నొక్కింది.

తెర బూడిద రంగులో వణికింది. వేణువు వినిపించింది. ఒక గది, ఒక మంచం, మంచం పక్కన నల్లటి జుట్టుతో పెద్దావిడ. ఎంత అందంగా ఏడ్చిందో! ఏడ్చి ఏడ్చి మెట్ల వైపు చూసింది. తెర మీద మెట్లు కనిపించాయి. చాలాసేపు మెట్లే కనిపించాయి. ఒక పిల్లి నెమ్మదిగా ఎక్కి, కెమెరాని చూసి, దిగిపోయింది.

తర్వాత మెట్ల మీద బూట్ల చప్పుడు.

బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకి నా వేళ్ళు నలిగిపోయాయి.

సన్నటి మీసం, కాస్త పెద్దదైన కోటు, చేతిలో బ్యాగు. తెర నిండా బాబాయి! నడిచొచ్చాడు, చెయ్యి పట్టుకుని చూశాడు, తిరిగాడు. "ఇంక మీరు ధైర్యంగా ఉండాలమ్మా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, చాలా బాగా అన్నాడు. చిన్న వణుకు కూడా పెట్టాడు గొంతులో. బ్యాగు మూసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మెట్లు. ఖాళీగా. వేణువు. సమాప్తం.

దీపాలు వెలిగాయి. డైరెక్టర్ జనరల్ గారు తన రాజీనామాకి తగిన పదాలు వెతుక్కుంటున్నట్టు పెదాలు కదుపుతున్నారు.

మంత్రిగారు లేచారు. మైకు దగ్గరికి వెళ్ళి, రుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నారు.

"చూశారా నన్ను?" అన్నారు.

వెనక వరసలో ఎవరో, "చూశాం!" అన్నారు.

"చూశాం! చూశాం!" అని మధ్య వరసలు అందుకున్నాయి. క్షురకుడు కుర్చీ ఎక్కి, "ఆ క్రాఫు నాదే!" అని అరిచాడు. సీనియర్ విలేకరి నా వీపు మీద చరిచి, "ఏం ఏడ్చాడోయ్!" అన్నాడు. అతని గొంతు నిజంగానే బొంగురుపోయింది. ప్రతిపక్ష నాయకుడు అవకాశం వదులుకోకుండా వేణువు నోట పెట్టుకున్నాడు. గాలి తప్ప ఏమీ రాలేదు గానీ, దానికీ చప్పట్లు పడ్డాయి.

మంత్రిగారు వెళ్ళి పెద్దావిడ రెండు చేతులూ పట్టుకున్నారు. "అమ్మా! ఇన్నేళ్ళకా!" అన్నారు.

పెద్దావిడ ఆయన్ని చూసింది. కెమెరాలని చూసింది. తనవైపే చూస్తూ నిలబడి చప్పట్లు కొడుతున్న అంత హాలునీ ఒకసారి చూసింది. ఇంతమంది ఆవిడని చూసి ఎన్నేళ్ళయిందో.

"ఎంత ఎదిగిపోయావు నాన్నా!" అంది.

హాలు దద్దరిల్లింది. ఎవడూ బాబాయిని అబద్ధాలకోరు అనలేదు. డైరెక్టర్ జనరల్ గారు వేదిక మీద నుంచే ఆయన వైపు చూసి బొటనవేలు పైకెత్తారు. కానీ బాబాయి అటు చూడలేదు. పక్కకి తిరిగి పిన్నినే చూస్తున్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, ధారగా కారుతున్న కళ్ళు తుడుచుకుంటోంది.

"చూశావా?" అన్నాడు బాబాయి. తెర మీద పెట్టిన వణుకే మళ్ళీ గొంతులోకి వచ్చింది.

"చూడకేమండీ! కళ్ళారా చూశాను. ఆ మెట్లెక్కడమేమిటి, ఆ ఏడుపేమిటి! బుజ్జి వెధవ, కడుపు తరుక్కుపోయిందనుకోండి" అంది పిన్ని. "మొదటినుంచీ చివరిదాకా రెప్ప వెయ్యకుండా చూశాను. మీరు మాత్రం ఎక్కడా కనబడలేదు."