రెండింతల డేక్సా

ఈ కథలో నేను ఒక్క మెతుకు కూడా కలపలేదు. జరిగింది జరిగినట్టే వడ్డిస్తున్నాను. కథ చెప్పడంలో నా అంత నిజాయితీపరుడు పెనుకొండ చుట్టుపక్కల లేడని, మా ఇంట్లోవాళ్ళు తప్ప, అందరూ ఒప్పుకుంటారు.

బాబావలి పెళ్ళిళ్ళకు బిర్యానీ వండే మేస్త్రీ. ముప్పై ఏళ్ళుగా ఆయనది ఒకటే రాగి డేక్సా. రెండడుగుల వెడల్పు, అడుగు లోతు. అన్నం అంచుకు నాలుగు వేళ్ళ కిందికి వచ్చిందంటే వందమందికి సరిపోయినట్టే. తూకం వేయడం ఆయనకు నామోషీ. అలాంటిది, స్నేహితుడు నిజాముద్దీన్ తన కొడుకు పెళ్ళి పెట్టుకుని, పెళ్ళి తరవాత ఇచ్చే వలీమా విందుకు రెండు వందల మందిని పిలిచాడు. కాబట్టి ఆ పొద్దున బాబావలి వేసుకున్న పథకం చాలా మామూలుది. హిందూపురం బస్సెక్కడం, పాత్రలు చేసే రంగప్పకు కొత్త డేక్సా చెప్పడం, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడం.

"జనం రెండింతలప్పా. డేక్సా కూడా రెండింతలు చెయ్," అన్నాడు బాబావలి.

"వెడల్పా, లోతా?" అడిగాడు రంగప్ప.

"రెండూ. ఒకటి పెంచి ఒకటి మానితే వంకరగా ఉండదా?"

"శానా పెద్దదైతాది భాయ్. ఒకతూరి ఆలోచించుకో."

"ముప్పై ఏండ్లుగా కంటితోనే కొలుస్తాండా. నాకు చెప్తాండావా?"

రంగప్ప కొలతలు రాసుకున్నాడు. వారం తిరిగేసరికి నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న డేక్సా లగేజీ ఆటోలో వచ్చి బాబావలి ఇంటి ముందు దిగింది. ఆయన భార్య జమ్రూద్ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"దీంట్లో వండుతావా, కాపురం పెడతావా?"

రాగి పాత్రలో వండాలంటే ముందు లోపల తగరం పూయించాలి. పాత డేక్సాకు ఎప్పుడూ ఒక కడ్డీ తగరం పట్టేది. డేక్సా రెండింతలు కదా అని బాబావలి రెండు కడ్డీలు కొని, కళాయి పోసే అబ్దుల్లాకు ఇచ్చాడు. సాయంత్రం వచ్చి చూస్తే సగం డేక్సా వెండిలా మెరుస్తోంది, సగం ఎర్రగా చూస్తోంది.

"ఇంకో రెండు కావాల భాయ్," అన్నాడు అబ్దుల్లా.

"ఒకటి పూసి ఒకటి యాడ దాచినావురా?"

అబ్దుల్లా ఇరవై ఏళ్ళుగా బాబావలి పాత్రలకు కళాయి పోస్తున్నవాడు. కొలిమి ఆర్పి, తిత్తి చుట్టి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. బాబావలి పంతం కొద్దీ ధర్మవరం నుంచి ఇంకొకడిని పిలిపించాడు. మిగిలిన సగానికి వాడికీ సరిగ్గా రెండు కడ్డీలు పట్టాయి.

"చూసినావా? ఇద్దరూ సమానంగా తిన్నారు. ముందే మాట్లాడుకోని ఉండారు!" అన్నాడు జమ్రూద్‌తో.

వలీమా రోజు వచ్చింది. నిజాముద్దీన్ బస్తా బియ్యం తెచ్చి అప్పగించాడు. బాబావలి మాంసం మీద సగం ఉడికిన అన్నం పరిచి, అలవాటు ప్రకారం అంచు నుంచి నాలుగు వేళ్ళు పెట్టి చూశాడు. అన్నం తగల్లేదు. అరచెయ్యి దించాడు. తగల్లేదు. మోచేతి దాకా దించితే, అప్పుడు వేలికొసకు వెచ్చగా తగిలింది. రెండు వందల మంది వచ్చే విందుకు డేక్సాలో పావు కూడా నిండలేదు.

"బస్తాలోనే తక్కువొచ్చిండాది," అన్నాడు బాబావలి.

నిజాముద్దీన్ వంగి డేక్సాలోకి చూశాడు. ఆయన ముఖం కూడా అలాగే అడుక్కి దిగిపోయింది.

"నా ముందరే తూకం ఏయించినా. మా బామ్మర్దిని తగరం దొంగ అంటివే, మరి బియ్యం యాడబోయినాయి భాయ్?"

అబ్దుల్లా నిజాముద్దీన్‌కు స్వయానా బావమరిది. బాబావలి చెయ్యి డేక్సా అంచు మీదే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. తిత్తి చంకన పెట్టుకుని వెళ్ళిపోతున్న అబ్దుల్లా వీపు ఆయనకు ఇప్పుడు కనిపించింది. ఆ రోజు సరిగా చూడనేలేదు.

"ఇంకో మూడు బస్తాలు నేనేస్తా. ఎవురూ నన్ను దొంగ అనగూడదు, అంతే," అన్నాడు.

పక్క వీధిలో యువరాజ్ అంగడి నుంచి తన పేరు మీద మూడు బస్తాలు తెప్పించి ఉడికించి పోశాడు. అన్నం అంచుకు సరిగ్గా నాలుగు వేళ్ళ కిందికి వచ్చింది. బాబావలి ఊపిరి పీల్చుకున్నాడు.

రెండు వందల మంది వచ్చారు. మారు వడ్డించుకుని తిన్నారు. చేతులు కడుక్కున్నారు. డేక్సాలో అన్నం ఒక జాన దిగింది.

"ఇదేంది భాయ్, తినే కొద్దీ ఊరుతాండాది?" అన్నాడు నిజాముద్దీన్.

మిగిలింది పారేయలేరు. పాత డేక్సాను ఆటోలో పెట్టి, అందులోకి తోడి వీధి వీధికీ పంపసాగారు. బస్టాండుకొకటి, ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి దిగుతున్న షిఫ్టు జనానికి రెండు. బావ పిలిచాడు కాబట్టి వచ్చి, ఖాళీ విస్తరి ముందు కూర్చుని, బాబావలి చేతి తిండి ముట్టుకోని అబ్దుల్లా వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు.

"తోడింది ఆరు. తినింది రెండు. ఎనిమిది పాత డేక్సాలు దీంట్లో దాచుకున్నావు భాయ్."

"రెండింతలు చెయ్యమన్నా కదా!"

అబ్దుల్లా భుజం మీది తువ్వాలును నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత పెట్టి నేల మీద ఉంచాడు. "ఇది నీ పాత డేక్సా అనుకో." మడతలు విప్పాడు. "పొడుగు రెండింతలే, వెడల్పు రెండింతలే. ముక్కలెన్ని?"

"నాలుగు."

"నేను పూసేది ఇంతే, పైపైన. నాలుగు కడ్డీలు. నువ్వు వండేదానికి లోతు కూడా ఉండాది. అది కూడా రెండింతలైతే?"

బాబావలి తువ్వాలును చూశాడు, డేక్సాను చూశాడు. ముప్పై ఏళ్ళు అంచునే చూసిన కన్ను మొదటిసారి లోపలికి చూసింది.

"తప్పయింది తమ్ముడూ," అన్నాడు నలుగురిలోనూ. "తగరం నువ్వు తినలే. నా పొగరే తినింది."

ఇంతలో వీధిలోంచి పొగడ్తలు వచ్చిపడ్డాయి. రెండు వందల మందిని పిలిచి ఎనిమిది వందల మందికి పెట్టిన చెయ్యి ఇంకెవరికుంది అని. నిజాముద్దీన్ వెంటనే కాలరు సర్దుకుని, "మొదటి నుంచీ మా లెక్క అదే. బాబావలి భాయ్‌ని అడగండి, పెద్ద డేక్సా ఊరికే చేయిస్తామా?" అన్నాడు.

అన్నట్టు, ఒక్క మెతుకు కూడా కలపలేదని మొదట్లో అన్నాను కదా. ఒక్కటి కలిపాను. బాబావలి నలుగురిలో తప్పయిందని అననే లేదు. నాలుగు బస్తాల అన్నం అడుగున ఎక్కడో మునిగిపోయిన మూలుగ ఎముకను గరిటెతో వెతికి వెతికి తీసి, అబ్దుల్లా విస్తట్లో పెట్టి, అటు తిరిగి పొయ్యి ఆర్పుకోసాగాడు. అబ్దుల్లా దాన్ని చాలాసేపు చీకాడు గానీ, తగరం మాట మళ్ళీ ఎత్తలేదు.