సీట్ల కింద సరుకు

గురువారం పొద్దున్నే జొన్నరొట్టె తిని కర్నూలుకు పోవాలి, మధ్యాహ్నానికల్లా జీపుకు ఇంకో రెండు పెట్రోలు ట్యాంకులు బిగించుకోవాలి, పొద్దుగూకే లోపల ఎర్రమిట్టకు తిరిగి రావాలి. మహానంది అనుకున్నది ఇంతే. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది కూడా. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అది. ఎర్రమిట్ట కోడుమూరుకు అవతల, బస్సు పోని దారిలో ఉండే ఊరు. మహానంది జీపు యుద్ధంలో తిరిగి అలిసిపోయి, మద్రాసు వేలంలో అతని చేతికొచ్చింది. నాలుగు చక్రాలూ ఇంజను బలంతోనే తిరిగేవి కాబట్టి, వాగు ఇసుకైనా నల్లరేగడి బురదైనా దానికి లెక్కలేదు. లెక్కంతా పెట్రోలుకే. బంకు కర్నూల్లో తప్ప లేదు. పోయిన నెల నర్సు రాహేలమ్మను మశూచి టీకాలకు తీసుకుపోతుంటే, రెండు ఊళ్ల నడుమ పెట్రోలు అయిపోయింది. ఆమె టీకామందు పెట్టె చంకన పెట్టుకుని, గొడుగు వేసుకుని ఐదు మైళ్లు నడిచింది. తిరిగొచ్చాక ఒక్క మాట తిట్టలేదు.

"వచ్చేసారి ఎద్దులబండి మాట్లాడుకుంటాలే మహానందీ. ఎద్దులకు గడ్డి యాడైనా దొరుకుతాది" అని మాత్రం అంది.

ఆ మాట మహానందికి తిట్టుకంటే గట్టిగా తగిలింది. అందుకే రేకుపెట్టెలు చేసే బుడేన్ సాహెబ్ దగ్గరికి పోయాడు. సాహెబ్ ఇనుపరేకుతో రెండు ట్యాంకులు చేసి, నీళ్లు పోసి కారడం లేదని చూపించి, వెనక బల్లసీట్ల కింద చెరొకటి బిగించాడు. తుప్పు నీళ్లు తీసేయడానికని ఒక్కోదానికి అడుగున చిన్న ఇత్తడి కొళాయి కూడా పెట్టాడు. ట్యాంకులకు ఎర్రరంగు వేస్తే అందంగా ఉంటుందని అతని ఆశ. మహానంది ఒప్పుకోలేదు. కింద పెట్రోలుందని తెలిస్తే ఆ బల్లల మీద ఎవరు కూర్చుంటారు?

"పైకి కనపడగూడదు సాహెబ్. లోపల ఏముండాదో ఊళ్లో ఎవురికీ తెలీగూడదు" అన్నాడు.

ఆ సమయానికి గిడ్డమ్మ అక్కడే ఉంది. చిల్లిపడిన బిందెకు మాటు వేయించుకోవడానికి అదే జీపులో కర్నూలు వచ్చింది. ఆమెకు వినపడింది ఆ చివరి మాట ఒక్కటే. తిరుగు ప్రయాణంలో ఆ బల్ల మీదే కూర్చుని, ఊరు చేరేదాకా నోరు విప్పలేదు. గిడ్డమ్మ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. ఆ రోజు మాత్రం రెండు గంటలు నానింది.

అవి మద్యనిషేధం రోజులు. సీట్ల కింద దాచిన ట్యాంకులు, వాటికి కొళాయిలు, ఎవరికీ తెలియకూడదన్న మాట, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఎర్రమిట్టలో ఒకరు ఇంకొకరికి చెప్పాల్సిన పని లేదు. శుక్రవారం పొద్దున ఇద్దరు పెద్దమనుషులు వచ్చి జీపు చుట్టూ తిరిగారు.

"ఉండాదంట గదా?" అన్నాడు ఒకాయన గొంతు తగ్గించి.

మహానంది పొంగిపోయాడు. "ఉండాది. రెండిట్లోనూ నిండుగా ఉండాది" అన్నాడు.

తమకేమైనా దొరుకుతుందా అని వాళ్లు అడిగారు. దీపాలకో, బట్టల మీద మరకలకో అడుగుతున్నారనుకున్నాడు అతను.

"బయటోళ్లకు ఇచ్చేది గాదప్పా. నర్సమ్మ కోసమని పెట్టినా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచి రాహేలమ్మ వీధిలో పోతుంటే జనం ఆమె నడకను శ్రద్ధగా చూడసాగారు. ఆమె ఎప్పటిలాగే తిన్నగా నడిచింది. అలవాటైన మనిషి అట్లాగే నడుస్తుందన్నారు.

సుబ్బయ్యకు అరవై దాటాయి. ఊళ్లో పొలం గెట్ల తగాదాలు తీర్చే మనిషి. ఆయన చెప్పిందే మాట. మోకాళ్ల నొప్పులకు మందుగా రోజూ ఒక గుక్క వేసుకునేవాడు, నిషేధం వచ్చాక అదీ పోయింది. ఆ సాయంత్రం మహానంది తన ఇంట్లో అన్నం తింటున్నప్పుడు, ఆయన చెంబు తీసుకుని జీపు వెనక కూర్చుని కొళాయి తిప్పాడు. వాసన ఘాటుగానే తగిలింది. మంచి సరుకు అట్లాగే ఉంటుందేమో అనుకుని ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మరుక్షణం అంతా బయటికి ఊసేసి, కళ్లలో నీళ్లు కారుతుండగా గోడ పట్టుకుని దగ్గాడు. తలెత్తేసరికి ఎదురుగా గిడ్డమ్మ, ఆమె వెనక నలుగురైదుగురు.

"ఎట్లుండాది మామా?" అంది గిడ్డమ్మ.

ఊరికి న్యాయం చెప్పే మనిషి, పెట్రోలు నోట్లో పోసుకున్నానని ఎట్లా చెప్పుకుంటాడు? మీసాలు తుడుచుకున్నాడు.

"సీమసరుకు, దొరలు తాగేది. మీ అసుమంటోళ్లు తట్టుకోలేరు" అన్నాడు.

దాంతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. శనివారం పొద్దునకు మాట పోలీసుల దాకా పోయింది.

ఊరి ఠాణాలో హెడ్డు కానిస్టేబులు గోపన్న చెడ్డవాడు కాదు. ఆయన వచ్చి పదకొండు నెలలైనా ఒక్క సారా కేసు పట్టలేదు. మీ వైపు తాగేవాళ్లే లేరా అని పైనుంచి కాగితం వచ్చి ఆయన బల్ల మీద కూర్చుంది. అందుకని జీపు దగ్గరికి వచ్చి, కొళాయి తిప్పి, వాసన చూసి, కాసేపు ఆలోచించాడు.

"అది పెట్రోలయ్యా" అన్నాడు మహానంది.

"వాసనకు పెట్రోలు, లోపల సారా. ఈ యేసాలు మేం చూడనివి గాదు" అన్నాడు గోపన్న.

ఏది ఎక్కడుందో తేలేవరకు మూడు ట్యాంకులూ ఖాళీ చేయాల్సిందేనన్నాడు. ఊళ్లో దొరికిన ఐదు కిరసనాయిలు డబ్బాలు, రాహేలమ్మ దగ్గరి పదకొండు మందుసీసాలు నిండాయి. సీలు వేయడానికి లక్క కరిగించాలని గోపన్న అగ్గిపుల్ల తీస్తే, మహానంది అగ్గిపెట్టె లాక్కుని పరుగెత్తాడు. ప్రభుత్వ విధులకు అడ్డుపడ్డాడని ఇంకో నేరం చేరింది. కానీ అగ్గిపెట్టె దొరకలేదు. చివరికి మూతలకు గుడ్డలు కట్టి, వాటి మీద సంతకాల చీటీలను సంగటిముద్దతో అతికించారు. సాక్షిగా మొదటి సంతకం సుబ్బయ్యది. సంతకం పెట్టేటప్పుడు ఆయన మహానంది మొహం చూడలేదు. ఖాళీ జీపును ఠాణా ముందుకు తోసుకుపోయారు.

మహానంది ఠాణా అరుగు మీద కూర్చున్నాడు. ఆరేళ్లు కూడబెట్టి కొన్న బండి అది. రేపటి నుంచి ఏం చేయాలో అతనికి తోచలేదు.

ఆదివారం పదిగంటలకు పద్నాలుగు మైళ్ల అవతలి పల్లె నుంచి ఒక మనిషి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పురుడుకు పుట్టింటికి పోయిన సుబ్బయ్య కోడలు గురమ్మకు ముందురోజు నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసింది. రాహేలమ్మ సంచి పట్టుకుని నేరుగా ఠాణాకు వచ్చింది. ఇది తనవల్ల కాదని, కర్నూలు ఆసుపత్రికి చేర్చాల్సిందేనని, ఎద్దులబండిలో పోతే ఇద్దరూ దక్కరని చెప్పింది. గోపన్న నిజంగానే బాధపడ్డాడు. సీలు పడిన సాక్ష్యం తీస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. అది పెట్రోలే అని రుజువు ఉంటే వేరే సంగతి అన్నాడు.

వెనక నిలబడిన సుబ్బయ్య కదిలాడు. ఠాణా ముందు ఊరు ఊరంతా ఉంది.

"అది పెట్రోలేనప్పా" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"తాగి చూసినా గాబట్టి తెలుసు." ఆయన జనం వైపు తిరిగాడు. "సీమసరుకు అని అబద్ధం చెప్పినా. నవ్వుతారని చెప్పినా. ఇప్పుడు నవ్వుకోండి. నా కోడల్ని మాత్రం తీసుకపోండి."

ఎవరూ నవ్వలేదు. గోపన్న మొదటి డబ్బా మూత మీది చీటీని తానే గోటితో గీకబోయాడు. ఎండకు సంగటి రాయిలా బిగుసుకుంది. దాన్ని రాయితో కొట్టి విడదీసి, గబగబా ట్యాంకుల్లో పోశారు. పట్టుబడిన బండి కాపలా లేకుండా కదలకూడదు కాబట్టి గోపన్న కూడా ఎక్కి వెనకబల్ల మీద సుబ్బయ్య పక్కన కూర్చున్నాడు. అలవాటు కొద్దీ బీడీ నోట్లో పెట్టుకుని, తన కింద ఏముందో గుర్తొచ్చి తీసేశాడు.

గురమ్మను ఎక్కించుకుని కర్నూలు దారి పట్టాక, సగం దూరంలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సంగటి పెళ్ల ఒకటి పాత ట్యాంకు గొట్టంలో అడ్డం పడింది. రాహేలమ్మ మహానంది వైపు చూసింది. అతను కాలి దగ్గరి పిడిని కొత్త ట్యాంకు వైపు తిప్పి, మళ్లీ ఇంజను వేశాడు. బండి కదిలింది. ఆమె గురమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు చూసింది.

సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు. ఆ కబురు విని సుబ్బయ్య మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. మహానంది పక్కనే కూర్చుని, మోకాళ్ల నొప్పులకు నువ్వులనూనె రాసుకొమ్మని సలహా చెప్పాడు. తర్వాతి నెల టీకాలకు రాహేలమ్మ జీపునే పిలిపించింది.

స్వాధీనం చేసుకున్న ఐదు డబ్బాల, పదకొండు సీసాల ద్రవం ఏమైందో చెప్పమని గోపన్నకు పైనుంచి కాగితం వచ్చింది. ఎండలకు ఆవిరైపోయిందని ఆయన జవాబు రాశాడు. ఆ ఏడు రాయలసీమ ఎండలు చూసిన అధికారులెవరూ దాన్ని అనుమానించలేదు.