ఏడు సంతకాలు పడేదాకా నోరెత్తొద్దు!

కంపెనీ అన్నాక ఆపద సమయంలో నోరు కట్టేసుకోవడమే మహాభాగ్యం! నమ్మరా? అయితే సూరత్‌లో, ఖటోదరాలోని ఒక బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లులో మేనేజరుగా పనిచేస్తున్న వరప్రసాద్ సంగతి వినండి.

ఆ మిల్లు యజమాని ముందుచూపు గల మనిషి. మంటలు లేస్తే ఆర్పడానికి నీళ్లున్నాయి, మాటలు లేస్తే ఆర్పడానికి ఏమున్నాయని ఆయనకు బెంగ పట్టుకుంది. వెంటనే అహ్మదాబాద్ నుంచి కన్సల్టెంటు దిగాడు. మూడు రోజుల ట్రెయినింగు, అరవై నాలుగు పేజీల మాన్యువల్! ఏం జరిగినా ముందు ఒక ప్రకటన రాయాలి. దాని మీద ఏడుగురు పై అధికారులు సంతకాలు పెట్టాలి. అప్పటిదాకా ఎవరేమడిగినా చెప్పాల్సిన వాక్యం ఒక్కటే: "పరిస్థితిని నిశితంగా గమనిస్తున్నాం."

వరప్రసాద్ ఆ వాక్యాన్ని అడాజన్‌లోని తన ఫ్లాట్‌లో అద్దం ముందు నిలబడి బట్టీ పట్టాడు. కనుబొమలు ఎంత ముడవాలో కూడా మాన్యువల్‌లో ఉంది మరి! "ఏవండీ, పాలు పొంగుతున్నాయేమో చూడండి" అని భార్య ఉషాదేవి కేకేస్తే, "నిశితంగా గమనిస్తున్నాం" అన్నాడు. పాలు పొంగిపోయాయి.

ఒక మంగళవారం మధ్యాహ్నం రంగుల సెక్షన్‌లో మోటారు కాలి పొగ కమ్మేసింది. లోపలున్న నలభై రెండు మందీ వెనక గేటు గుండా క్షేమంగా బయటపడ్డారు. వరప్రసాద్ స్వయంగా రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. వాళ్ల ఫోన్లు మాత్రం లోపల లాకర్లలో ఉండిపోయాయి. ప్రకటన వచ్చేదాకా ఎవరూ కదలకూడదని అందరినీ అక్కడే కూర్చోబెట్టారు.

ఈలోగా "మిల్లు పేలిపోయింది" అన్న వాట్సాప్ మెసేజ్ మిల్లులో పనిచేసే తెలుగువాళ్లుండే గోడాదరాలో ఇల్లిల్లూ తిరిగింది. దానికి ఒక్క సంతకమూ అక్కర్లేదు కదా! అరగంటలో ముందు గేటు దగ్గర ఆడవాళ్లు ఆటోలు దిగారు.

అందరికన్నా ముందు జమున, చేతికంటిన పిండితోనే పరిగెత్తుకొచ్చింది. ఆమె భర్త పరమేశ్ ఆ రంగుల సెక్షన్‌లోనే పనిచేస్తాడు.

"సార్, మా ఆయన ఏడున్నడు?"

"పరిస్థితిని నిశితంగా గమనిస్తున్నామమ్మా."

"గమనించుడు గాదు సార్! బతికున్నడా లేడా, జర గదొక్కటి చెప్పుండ్రి!"

వరప్రసాద్ ఫోన్ చూసుకున్నాడు. ప్రకటన మీద మూడు సంతకాలు పడ్డాయి. నాలుగో ఆయన "క్షేమం" అన్న మాటకు అభ్యంతరం చెప్పాడు. క్షేమం అంటే అంతకుముందు అపాయం ఉన్నట్టు ఒప్పుకున్నట్టట!

జమున గేటు ఊచ పట్టుకుని అలాగే కిందికి జారి కూలబడింది. పది నిమిషాల కిందట పరమేశ్‌కు నీళ్ల సీసా అందించింది వరప్రసాదే. ఇక ఆగలేక వాచ్‌మన్ స్టూలు లాక్కుని ఎక్కాడు.

"అందరూ బాగున్నారమ్మా! నలభై రెండు మందీ! ఎవరికీ దెబ్బ తగల్లేదు. పరమేశ్‌కి నేనే నీళ్లిచ్చాను. వెనక గేటు దగ్గరున్నారు, రండి!"

పరమేశ్ కనబడగానే జమున అతని భుజం మీద ఒక్కటేసింది. "ఫోన్ ఎందుకు ఎత్తలే?" అంటూనే భోరుమంది. వరప్రసాద్ మొహం తిప్పుకున్నాడు. అతని కనుబొమలు మాన్యువల్ ప్రకారం లేవు.

ప్రకటన సాయంత్రం ఆరింటికి విడుదలైంది. వినడానికి గేటు దగ్గర ఎవరూ మిగల్లేదు. వెనువెంటనే వరప్రసాద్‌కు మెమో అందింది: "అనుమతి లేకుండా నిజం చెప్పడానికి కారణం తెలపగలరు." ఈ మెమో మీద ఏడు సంతకాలూ పదకొండు నిమిషాల్లో పడ్డాయి! కంపెనీకి వేగం లేదని ఎవరనగలరు?

జవాబు కోసం వదిలిన ఖాళీలో వరప్రసాద్ రెండే మాటలు రాశాడు.

"ఆవిడ అడిగింది."